బోరు నీళ్ల ఊళ్లలో సోలార్ వేడినీళ్ల కంట్రోలర్: ఏ నంబరు ఎంత పెట్టాలి, ఎందుకు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు హాస్టళ్లు, నర్సింగ్ హోంలు, లాడ్జీల స్లాబుల మీద పంపుతో నడిచే సోలార్ హీటర్లు ఉంటాయి. ట్యాంకు కింద, ప్యానెళ్లు పైన, మధ్యలో చిన్న పంపు, గోడకు కంట్రోలర్ డబ్బా. ఆ డబ్బాకు వైర్లు కలిపి, తెర మీద అంకెలు వెలగగానే పని అయిపోయిందని వదిలేయడం మామూలు. చాలా కంట్రోలర్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెట్టింగులు మంచు గడ్డకట్టే దేశాలను చూసి పెట్టినవి. మన దగ్గర పైపుల్లో నీళ్లు ఎన్నడూ గడ్డకట్టవు. మన సమస్యలు వేరే: మే నెల ఎండ, బోరు నీళ్ల సున్నం, మధ్యాహ్నం పోయే కరెంటు. నంబర్లు ఈ మూడింటిని చూసి పెట్టాలి.

ఉదాహరణకు ఒక హాస్టల్ సిస్టమ్ తీసుకుందాం: 500 లీటర్ల ట్యాంకు, ఒక్కోటి 2 చదరపు మీటర్ల ఫ్లాట్ ప్లేట్ ప్యానెళ్లు నాలుగు, 60 నుంచి 90 వాట్ల పంపు, ట్యాంకులో 3 కిలోవాట్ల హీటర్. మీది చిన్నదైనా పెద్దదైనా లెక్క ఇదే దారిలో నడుస్తుంది.

ముందు సెన్సర్లు, తర్వాతే మెనూ

కంట్రోలర్ చేసే పని ఒక్కటే, రెండు వేడిమిల మధ్య తేడా చూడటం. ప్యానెల్ సెన్సర్ ట్యాంకు అడుగు సెన్సర్ కన్నా తగినంత వేడిగా ఉంటే పంపు వేస్తుంది, తేడా తగ్గితే ఆపుతుంది. కాబట్టి సెన్సర్ తప్పు చోట ఉంటే మెనూలో ఎంత మంచి నంబరు పెట్టినా దండగే.

ప్యానెల్ సెన్సర్ చివరి ప్యానెల్ నుంచి వేడినీళ్లు బయటికొచ్చే మూలలోనే ఉండాలి, ప్యానెల్ అంచు నుంచి 5 సెంటీమీటర్ల లోపు. మీటరు దూరంలో పైపుకు కడితే పంపు మొదలే కాదు. నీళ్లు కదలకుండా ఆ పైపు వేడెక్కదు, పైపు వేడెక్కకుండా పంపు తిరగదు. ఎండ మండుతున్నా తెర మీద 34 డిగ్రీలే కనిపిస్తుంటే ముందు ఇదే చూడండి. సెన్సర్ గొట్టంలో థర్మల్ పేస్టు నింపి, సెన్సర్‌ను చివరిదాకా తోసి, మీద ఇన్సులేషన్ చుట్టాలి. ఇక్కడ సిలికాన్ తొడుగు కేబులే వాడండి. నీళ్లు కదలనప్పుడు ఫ్లాట్ ప్లేట్ ప్యానెల్ లోపల 150 డిగ్రీలు కూడా దాటుతుంది, మామూలు పీవీసీ తొడుగు కరిగిపోతుంది.

రెండో సెన్సర్ ట్యాంకు అడుగు భాగంలో, పంపు నీళ్లు లాగే చోటుకు కాస్త పైన ఉండాలి. మూడోది పై మూడో వంతులో, హీటర్ కోసం. అడుగు సెన్సర్‌ను పైకి బిగిస్తే, అడుగున చల్లటి నీళ్లు ఉండగానే ట్యాంకు వేడెక్కిందని కంట్రోలర్ పంపు ఆపేస్తుంది.

కేబుల్ 50 మీటర్ల దాకా 0.75 చదరపు మిల్లీమీటర్ల జంట వైరు చాలు. హీటర్ వైరు పక్కన ఒకే పైపులో లాగకండి, అంకెలు గెంతుతాయి. కేబుల్ మొత్తం గట్టి పైపులోనే పోవాలి. కోతులు స్లాబు మీదికి వచ్చే ఊళ్లలో వేలాడే వైరు వారం కూడా ఉండదు.

బిగించే ముందు ఒక పరీక్ష చేయాలి. అన్ని సెన్సర్లను కలిపి దారంతో కట్టి ఒకే బకెట్ నీళ్లలో ముంచి, ఐదు నిమిషాలు ఆగి చదవండి. ఒకటి 31, ఇంకోటి 33 చూపితే ఆ 2 డిగ్రీల తప్పు ప్రతి లెక్కలోనూ దూరుతుంది. కంట్రోలర్‌లో కాలిబ్రేషన్ ఉంటే రెంటినీ ఒకటి చేయండి. అసలు వేడిమిలో ఒక డిగ్రీ తప్పున్నా నష్టం లేదు, రెండు సెన్సర్లూ ఒకే మాట చెప్పడం ముఖ్యం. మరిగే నీళ్లతో సరిచూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 దాటగానే మరుగుతాయి. 100 రాలేదని సెన్సర్‌ను తప్పుపట్టొద్దు.

సెన్సర్ రకం కూడా చూసుకోండి. పీటీ1000 (ప్లాటినం) సెన్సర్ నిరోధం 0 డిగ్రీల దగ్గర 1000 ఓములు, 25 దగ్గర 1097, 60 దగ్గర 1232, 100 దగ్గర 1385 చూపుతుంది. 10కే ఎన్‌టీసీ అనే రెండో రకం దీనికి తలకిందులు: 25 దగ్గర 10 వేల ఓములు, వేడి పెరిగేకొద్దీ తగ్గి 50 దగ్గర సుమారు 3,600. మెనూలో ఒక రకం ఎంచుకుని రెండో రకం బిగిస్తే తెర మీద అర్థంలేని అంకెలొస్తాయి. మల్టీమీటరు ఉన్నవాళ్లకు ఈ ఓముల లెక్క పెద్ద ఆసరా. వర్షాకాలంలో జాయింటు తడిస్తే పీటీ1000 ఉన్నదానికన్నా తక్కువ వేడి చూపిస్తుంది, అదే జాయింటు తుప్పు పడితే ఎక్కువ చూపిస్తుంది. డిగ్రీకి 3.85 ఓములే కాబట్టి 20 ఓముల తుప్పు చాలు, 5 డిగ్రీలు పెరిగిపోతుంది. మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు. జాయింటుకు టంకం వేసి, మీద ష్రింక్ ట్యూబు ఎక్కించండి.

ఆన్ తేడా, ఆఫ్ తేడా

కంట్రోలర్ ప్రాణమంతా ఈ రెండు నంబర్లలో ఉంది. మన ఉదాహరణకు ఆన్ తేడా (పంపు మొదలయ్యేది) 8 డిగ్రీలు, ఆఫ్ తేడా (పంపు ఆగేది) 3 డిగ్రీలతో మొదలుపెట్టండి.

ఎందుకో చూడండి. చదరపు మీటరు ప్యానెల్‌కు గంటకు 60 లీటర్ల నీళ్లు తిరగడం మంచి లెక్క. 8 చదరపు మీటర్లకు గంటకు 480 లీటర్లు, అంటే నిమిషానికి 8. నీళ్లు తిరిగి ట్యాంకులో పడే చోట, అదే ఎత్తులో బకెట్ పెట్టి చూస్తే 10 లీటర్లు 75 సెకన్లలో నిండాలి. మంచి ఎండలో ఆ నాలుగు ప్యానెళ్లు సుమారు 4 కిలోవాట్ల వేడి ఇస్తాయి. ఆ వేడిని ఈ ప్రవాహంతో భాగిస్తే, నీళ్లు ప్యానెళ్లలోంచి ఒకసారి పోయేసరికి 7 డిగ్రీలు పెరుగుతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తెర మీద రెండు అంకెల మధ్య తేడా 6 నుంచి 10 ఉంటే సిస్టమ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. నల్లగొండలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 దాటిన పావుగంటకు, అప్పుడు చూడండి.

ఆఫ్ తేడాను 3 కన్నా కిందికి దించితే సెన్సర్ల చిన్న తప్పులే పంపును నడిపిస్తాయి. సాయంత్రం ప్యానెళ్లు చల్లబడ్డాక కూడా తిరిగి, ట్యాంకు వేడిని స్లాబు మీద పారబోస్తుంది. 6 కి పెంచితే మబ్బు రోజుల్లో వచ్చే కాస్త వేడీ అందకుండా పోతుంది.

డిసెంబరు పొద్దున తెర ముందు పది నిమిషాలు నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. ఎనిమిదిన్నరకు ట్యాంకు అడుగు 24, ప్యానెల్ 32. తేడా 8 అయింది, పంపు మొదలవుతుంది. రాత్రంతా పైపులో నిలబడ్డ చల్లటి నీళ్లు ముందు ప్యానెల్లోకి పోతాయి. లోపల 20 మిల్లీమీటర్ల వెడల్పున్న పైపు 15 మీటర్లకు 4.7 లీటర్లు పడుతుంది, అర నిమిషం దాటగానే ఆ నీళ్లన్నీ ప్యానెల్‌కు చేరతాయి. ప్యానెల్ అంకె 32, 30, 28, 27. తేడా 3, పంపు ఆగింది. ఐదు నిమిషాలకు మళ్లీ మొదలు. ఇలా రెండు మూడుసార్లు కొట్టుకోవడం సహజం, దాన్ని పట్టించుకోకండి. పొద్దున పది గంటలు దాటినా ఆగుతూ మొదలవుతూ ఉంటే ఆన్ తేడాను 10 చేయండి, లేదా పంపు కనీసం తిరగాల్సిన సమయాన్ని 3 నిమిషాలు పెట్టండి. అప్పటికీ ఆగకపోతే ప్రవాహం ఎక్కువైంది, పంపు స్పీడు ఒక మెట్టు తగ్గించండి.

వ్యాక్యూమ్ ట్యూబుల సిస్టమ్‌కు ఒక తేడా ఉంది. ట్యూబులో వేడి పుట్టినా అది పైనున్న సెన్సర్‌కు ఆలస్యంగా చేరుతుంది. మెనూలో ‘ట్యూబ్ కలెక్టర్’ ఫంక్షన్ ఉంటే ఆన్ చేసి, పొద్దున 7 నుంచి సాయంత్రం 5 దాకా ప్రతి 30 నిమిషాలకు 30 సెకన్లు పంపు తిరిగేలా పెట్టండి.

పై హద్దులు: ఇక్కడ సున్నమే నిర్ణయిస్తుంది

ట్యాంకు గరిష్ఠ వేడిని చాలామంది 75, 80 దాకా పెంచుతారు, ఎక్కువ వేడి దాచుకుందామని. బోరు నీళ్లు నేరుగా ప్యానెళ్లలో తిరిగే సిస్టమ్‌లో ఇది ప్యానెల్‌ను చంపేస్తుంది. నీళ్లలో కరిగిన కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి సున్నపు పొరగా గోడలకు పడుతుంది. 60 దాటిన కొద్దీ ఇది వేగం పెరుగుతుంది. సన్నటి రాగి గొట్టాల్లో ముందు పొర, తర్వాత పెచ్చు, ఆఖరుకు దారి మూసుకుపోవడం. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదం, వేరే దారి లేకపోతే 600 దాకా అనుమతి. మీ బోరు నీళ్లు 200 దాటితే ట్యాంకు హద్దు 60 పెట్టండి, తిరిగి మొదలవడానికి తేడా 5, అంటే ట్యాంకు 55 కి దిగాకే పంపు మళ్లీ తిరుగుతుంది. మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణా నీళ్లను ట్యాంకుకు మళ్లించగలిగితే ఇంకా మంచిది. కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు కాఠిన్యం చెప్పదు; కాఠిన్యం కిట్టుతోనే చూడాలి.

60 కి కిందికి మరీ దించొద్దు. గోరువెచ్చగా నిలవుండే ట్యాంకులో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది, అందుకే నిలవ 60, వాడేచోట చల్లనీళ్లు కలిపి 40 అన్నది సరైన పద్ధతి. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి. పిల్లలుండే హాస్టల్‌లో నల్లాల లైనుకు, చల్లనీళ్లు దానంతట అదే కలిపే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ తప్పకుండా పెట్టించండి. ఫ్లోరైడ్ సంగతీ ఇక్కడే చెప్పాలి: వేడి చేస్తే ఫ్లోరైడ్ పోదు, మరిగిస్తే నీళ్లు తగ్గి అది మరింత చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నంతో చేసే నల్లగొండ టెక్నిక్ లాంటి వేరే పద్ధతులున్నాయి. సోలార్ ట్యాంకు నీళ్లను వంటకు, తాగడానికి పెట్టకండి.

ఇక ప్యానెల్ గరిష్ఠ హద్దు. ప్యానెల్ ఈ వేడి దాటితే పంపు అస్సలు తిరగదు, మండే నీళ్లు పైపుల్లోకి రాకుండా. పైన గాలిగొట్టం తెరిచి ఉండే మామూలు సిస్టమ్‌లో 95 పెట్టండి. లైనులో సీపీవీసీ (వేడినీళ్ల ప్లాస్టిక్) పైపు ఉంటే 85. ఆ పైపు 93 దాకానే ఓర్చుకుంటుంది. ఒత్తిడితో మూసి ఉండే, హీట్ ఎక్స్‌చేంజర్ (ప్యానెల్ నీళ్లు ట్యాంకు నీళ్లలో కలవకుండా వేడి మాత్రం అందించేది) ఉన్న సిస్టమ్‌కే 110 లేదా పైన. కాఠిన్యం బాగా ఉన్న ఊళ్లలో కొత్తగా పెట్టించేవాళ్లు ఈ రెండో రకమే అడగండి. ప్యానెళ్లలో అవే మెత్తటి నీళ్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి సున్నం బెడద ట్యాంకుకే మిగులుతుంది. ఈ మూసి ఉండే రకానికి ప్రెషర్ రిలీఫ్ వాల్వ్, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు లేకుండా ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. తెరిచి ఉండే రకంలో గాలిగొట్టానికి మూత బిగించడం అంతే ప్రమాదం.

ఈ హద్దు వల్ల ఒక అనుమానం వస్తుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం గంటసేపు కరెంటు పోయింది, మళ్లీ వచ్చింది, పంపు మాత్రం తిరగదు. తెర మీద ప్యానెల్ 118. ఇది చెడిపోవడం కాదు, కంట్రోలర్ తన పని తాను చేస్తోంది. ప్యానెళ్ల మీద టార్పాలిన్ లేదా పొడి బట్ట కప్పి అరగంట ఆగండి, దానంతట అదే దిగొస్తుంది; తడి గోనెసంచులు మాత్రం కప్పొద్దు. అద్దం మీద నీళ్లు చల్లితే పగులుతుంది. పంపు 90 వాట్లే కదా, దాన్నీ కంట్రోలర్‌నూ ఇన్వర్టర్ లైనుకు కలిపితే ఈ బాధే ఉండదు.

వేసవిలో ట్యాంకు మధ్యాహ్నానికే 60 చేరి పంపు ఆగిపోతుంది, ప్యానెళ్లు ఊరికే కాగుతాయి. ఫ్లాట్ ప్లేట్ అయితే మెనూలో ‘రీకూలింగ్’ ఆన్ చేసి 50 పెట్టండి: రాత్రి పంపు తిరిగి అదనపు వేడిని ప్యానెళ్ల ద్వారా ఆకాశానికి వదిలేస్తుంది. వ్యాక్యూమ్ ట్యూబులకు ఇది పనిచేయదు, శూన్యం వేడిని బయటికి పోనీయదు. ‘కలెక్టర్ కూలింగ్’ అనే ఇంకో ఫంక్షన్ ఉంటుంది, పేరు చూసి ఆన్ చేయకండి. అది ట్యాంకు హద్దు దాటించి మరీ వేడి నింపుతుంది. సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయితే అన్నిటికన్నా సులువు, సగం ప్యానెళ్లకు షేడ్‌నెట్ రెండు మడతలు కట్టడం.

మంచు రక్షణ పూర్తిగా ఆఫ్ చేయండి. ఎలాగూ పనిచేయదు కదా అని వదిలేస్తే ఒక చిక్కుంది. ఎన్‌టీసీ సెన్సర్ వైరు తెగితే కొన్ని కంట్రోలర్లు దాన్ని గడ్డకట్టే చలిగా చదువుతాయి, రాత్రంతా పంపు తిప్పి ట్యాంకును చల్లారుస్తాయి.

హీటర్: ఎప్పుడు వేయాలన్నదే అసలు సంగతి

కరెంటు బిల్లు పెరిగిందంటే తొంభై పాళ్లు ఇక్కడే చూడాలి. హీటర్‌ను రోజంతా థర్మోస్టాట్ మీద వదిలేస్తే, స్నానాలయ్యాక తొమ్మిదికి ట్యాంకులోకి వచ్చే చల్లనీళ్లను సూర్యుడికన్నా ముందు హీటరే కాచేస్తుంది. తర్వాత ఎండకు చేయడానికి పని ఉండదు.

పై సెన్సర్‌కు హీటర్ ఆన్ 45, ఆఫ్ 50 పెట్టి, టైమర్‌లో తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా మాత్రమే తెరవండి. ట్యాంకు పై సగం 250 లీటర్లను 35 నుంచి 50 కి తేవడానికి 4.4 యూనిట్లు కావాలి, 3 కిలోవాట్ల హీటర్‌కు గంటన్నర. ఐదున్నరకు పిల్లలు లేచేసరికి సిద్ధం.

3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. కంట్రోలర్ రిలే (లోపలి చిన్న స్విచ్చు) మీద రాసి ఉన్న ఆంపియర్లు చూడండి, చాలావాటికి అది మించిన భారం. రిలే, పెద్ద స్విచ్చులాంటి కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే నడపాలి, హీటర్‌ను 25 ఆంపియర్ల కాంటాక్టరు నడపాలి. ముందు 20 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్త్. హీటర్‌కు ఉండే సొంత థర్మోస్టాట్‌ను తీసేయకుండా 65 దగ్గర ఉంచండి. కాంటాక్టరు అతుక్కుపోయిన రోజు కాపాడేది అదే. వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

గడియారం మాట మరవొద్దు. సెట్టింగులు కరెంటు పోయినా ఉంటాయి, కానీ లోపల బ్యాటరీ లేని కంట్రోలర్ గడియారం ఆగిపోతుంది. మూడు గంటలు కరెంటు లేకపోతే మర్నాడు హీటర్ 4 కి బదులు 7 కి వెలుగుతుంది. ‘నీళ్లు వేడి లేవు, బిల్లు మాత్రం వచ్చింది’ అన్న ఫిర్యాదుకు ముందు చూడాల్సింది గడియారమే.

పంపు లేని మామూలు ఇంటి సోలార్‌కు తేడా కంట్రోలర్ అక్కర్లేదు, నీళ్లు వాటంతట అవే తిరుగుతాయి. హీటర్‌కు ఎస్‌టీసీ-1000 లాంటి ఒక సెన్సర్ డబ్బా, ముందు ఒక టైమర్ స్విచ్చు చాలు. అందులో ఎఫ్1 సెట్ వేడి 50, ఎఫ్2 తేడా 5, ఎఫ్3 ఆలస్యం 1 నిమిషం, ఎఫ్4 సెన్సర్ దిద్దుబాటు. 45 కి వెలిగి 50 కి ఆగుతుంది. వైరు ‘హీటింగ్’ టెర్మినళ్లకే కలపాలి; కూలింగ్‌కు కలిపితే నీళ్లు వేడెక్కాక హీటర్ వెలుగుతుంది. మార్చాక పవర్ బటన్ నొక్కి సేవ్ చేసి, మళ్లీ మెనూలోకి వెళ్లి అంకెలు సరిచూడండి. 2 కిలోవాట్ల హీటర్ 9 ఆంపియర్ల దగ్గర లాగుతుంది, దీని రిలే 10 ఆంపియర్లది. కాంటాక్టరు ఇక్కడా పెట్టించండి.

తెర చదివి జబ్బు పట్టుకోవడం

మంచి ఎండలో పంపు తిరుగుతూనే తేడా 20 దాటితే నీళ్లు సరిగ్గా కదలడం లేదు. పంపు ముందున్న జాలీ శుభ్రం చేయండి, అన్నిటికన్నా ఎత్తున్న చోట గాలి వదిలే వాల్వ్ తెరవండి. రెండూ బాగుంటే సున్నమే. రాగి గొట్టాలైతే లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ప్యానెళ్లలో మాత్రం రెండు గంటలు తిప్పి, మంచినీళ్లతో బాగా కడగాలి. జీఐ పైపులున్న లైనులో ఇది పోయకండి, పుల్లదనం జింకు పూతను తినేస్తుంది.

మధ్యాహ్నం తేడా 6 కి చేరకుండానే ట్యాంకు మాత్రం వేడెక్కుతుంటే, ప్యానెల్ సెన్సర్ గొట్టంలోంచి జారి ఉంటుంది.

సాయంత్రం 58 ఉన్న ట్యాంకు పొద్దునకు ఎవరూ వాడకుండానే 40 అయిందా? రాత్రి పదింటికి తెర చూడండి. పంపు ఆగి ఉండి, బయట 22 డిగ్రీల చలిలో ప్యానెల్ 45 చూపిస్తుంటే, వేడినీళ్లు వెనక దారిన ప్యానెళ్లలోకి ఎక్కి చల్లారుతున్నట్టే. నాన్ రిటర్న్ వాల్వ్ పోయింది, లేదా సున్నం పట్టి మూసుకోవడం లేదు. స్ప్రింగు ఉన్నది కొత్తది వేయించండి. ప్యానెల్ కూడా 20 దగ్గరే ఉంటే లోపం ట్యాంకు ఇన్సులేషన్‌లోనో, ఎక్కడో కారుతున్న నల్లాలోనో ఉంటుంది.

పెట్టిన నంబర్లన్నీ తేదీతో సహా కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి కంట్రోలర్ పక్కనే అతికించండి. ఒకసారి ఒక్క నంబరే మార్చి, మూడు ఎండ రోజులు చూసి, ఆ తర్వాతే ఇంకోటి ముట్టుకోండి.